స్టవ్వు తుపాకీ

మొన్న హోలీ నాడు బరంపురం లంజిపల్లిలో మా సత్తెక్క ఇంటికి వెళ్లాను. గేటు గడియ తీశానో లేదో, మేడ మీద నుంచి చెంబెడు నీళ్లు ఒక్క దెబ్బన వచ్చి నా గుండెల మీద పడ్డాయి. పోసినట్టు కాదు, పొడిచినట్టు. చేతిలో మిఠాయి పొట్లం కాస్తా కాలవ పాలైంది. తలెత్తి చూస్తే అక్క మనవడు బిట్టు. ఎనిమిదేళ్లవాడు, తనంత పొడుగు ప్లాస్టిక్ తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు. వీపుకి స్కూలు బ్యాగులాగా నీళ్ల ట్యాంకు తగిలించుకున్నాడు. "తాతా, బ్యాటరీది. ముప్పై ఫీట్లు పోతాది" అన్నాడు గాని, అయ్యో తడిశావా అనలేదు. తరవాత తెలిసిందేమిటంటే, నాకంటే ముందు పాలవాడు, ఎదురింటి ఒడియా మేష్టారు, కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చిన అమ్మాయి, వీధిలో పడుకున్న ఆవు కూడా స్నానాలు చేసేశారట. ఆవు ఒక్కటే లేవలేదట.

ముప్పై ఏళ్లు నీళ్ల పంపులతో కాపరం చేసి రిటైరైనవాణ్ణి. కోపం వచ్చినా చెయ్యి ఊరుకోదు కదా. చొక్కా పిండుకుంటూనే, కిందికి దిగివచ్చిన వాడి దగ్గర ఆ తుపాకీ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. లోపల చిన్న మోటారు. నీళ్లు తనే పీల్చుకుంటుంది, తనే చిమ్ముతుంది, మనిషి చెయ్యవలసింది వేలు ఆనించడమే. బాగుందిరా అనబోతున్నాను, అంతలో వరండాలో పడక్కుర్చీలోంచి జగన్నాథం బావ, అంటే మా అక్క పెనిమిటి, గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు నాకు తెలుసు. "సూసినావా బామ్మర్దీ, గురి అంటే అదీ. నువ్వూ సేసినావు ఒక తుపాకీ. ఒకల్ని కొట్టమంటే ఇంకొకల్ని కొట్టేది" అన్నాడు. ఇంట్లో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్క మాత్రం పొయ్యి మీద ఏదో ఉన్నట్టు గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు. యాభై ఏళ్లకి పైగా ఈ మాట వచ్చినప్పుడల్లా అక్కకి వంటింట్లో పని పడుతుంది, నాకు నవ్వవలసిన పని పడుతుంది.

మా నాన్నమ్మ ఉన్న రోజుల్లో ఒకరి మీద నీళ్లు చల్లాలన్నా చుట్టరికం చూసుకునేవారు. మా ఊరు బరంపురం నుంచి ఇచ్ఛాపురం వెళ్లే దారిలో, రోడ్డు దిగి పొలాల్లోంచి కొంత నడిస్తే వచ్చేది. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా, పోలీసులొస్తే రెండూ రావు. ఊళ్లో ఏ పెళ్లయినా మర్నాడు వసంతాలాడేవారు. పెద్ద ఇత్తడి గంగాళంలో నీళ్లు పోసి, పసుపు కలిపి, చిటికెడు సున్నం వేసేసరికి నీళ్లన్నీ ఎర్రబారేవి. ఆ పచ్చి పసుపు వాసనా, సున్నం ఘాటూ కలిసి పందిరంతా ముక్కు పట్టేసేవి. ఆ ఎర్రనీళ్లు బావలు మరదళ్ల మీద చల్లొచ్చు, మరదళ్లు బావల మీద చల్లొచ్చు. వదినా మరుదులూ, బావా బామ్మర్దులూ ఎంత తడుపుకున్నా అడిగేవాడు లేడు. అన్నా చెల్లెళ్లూ, మామా కోడళ్లూ మటుకు కూడదు. పొరపాటున ఒక చుక్క పడకూడనివాళ్ల మీద పడిందంటే కాళ్లకి మొక్కి, కొత్త బట్ట పెట్టి, నలుగురి చేత నాలుగు మాటలు పడాలి. ఆ తప్పు చెల్లించకపోతే, మీద వసంతం పడ్డవాడు వరసైనవాడని లోకానికి చాటినట్టే లెక్క.

ఆ పనికి నాన్నమ్మ దగ్గర ఒక చిమ్మనగ్రోవి ఉండేది. మూరెడు ఇత్తడి గొట్టం, లోపల గుడ్డ చుట్టిన కడ్డీ. పెళ్లి ముందురోజు దాన్ని ట్రంకు పెట్టెలోంచి తీసి, గుడ్డకి కొబ్బరినూనె పట్టించి, రెండుసార్లు మంచినీళ్లు పీల్చి చిమ్మి, చింతపండుతో తోమి ఎండలో పెట్టేది. దాని దూరం మహా అయితే మూడు గజాలు. మేం నవ్వితే ఆవిడకి పౌరుషం వచ్చేది. మనిషి మొహం కనబడేంత దగ్గిరికెళ్లి, వీడు నాకు ఏమవుతాడని ఒకసారి అనుకుని కొట్టాలి గాని, దూరం నుంచి కొట్టడానికి వీళ్లేమైనా కాకులా అనేది. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, ఆ పొగ లోపలే ఉండగా నాలుగు తరాల వరసలు వేళ్ల మీద తేల్చేసేది. మా చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి ఎవరు ఏమవుతారో తేలకపోతే బళ్లు కట్టుకుని మా వీధి అరుగు దగ్గరికి వచ్చేవారు.

మా నాన్న ఉద్యోగం బరంపురంలో. అక్కడి హోలీకి వరసల గొడవ లేదు. దోళ పున్నమి వచ్చిందంటే మా వీధి ఒడియా పిల్లలూ మేమూ కలిసి వెదురు బొంగులు కోసి, కణుపు దగ్గర చీపురుపుల్లంత బెజ్జం పెట్టి, కర్రకి పాతగుడ్డ చుట్టి దూర్చేవాళ్లం. తడిసేది ఎదుటివాడు సగం, మన మోచెయ్యి సగం. తరవాత రేకు పిచికారీలు వచ్చాయి, అతుకుల్లోంచి కారేవి. తరవాత ప్లాస్టిక్ చేప వచ్చింది. దాని పొట్ట నొక్కితే నోట్లోంచి చిమ్మేది, మధ్యాన్నానికి పొట్ట పగిలేది. ఆ మీదట పిస్తోళ్లు. ఇవన్నీ ఒకటే జాతి. చెయ్యి ఎంత నొక్కితే నీళ్లు అంతే పోతాయి. పదకొండేళ్ల వయసులో నాకు ఆ జాతి మీదే విసుగు పుట్టింది.

ఆ విసుగు తీర్చింది అమ్మ పంపు స్టవ్వు. పొద్దున్నే కాఫీ కోసం అమ్మ దాని ముందు గొంతుక్కూర్చుని, పిన్నుతో బెజ్జం పొడిచి, నిప్పు చూపించి, టకటక పంపు కొట్టేది. కిరసనాయిలు వాసన, ఆ బుస్సుమనే చప్పుడు, తరవాత కాఫీ వాసన, ఇదే మా ఇంటి సుప్రభాతం. ఒకరోజు బర్నరు లూజై, వెలిగించకముందే కిరసనాయిలు సన్నటి తీగలాగా లేచి ఇంటి కప్పుకి తగిలింది. అమ్మ భయపడి బయటికి పరిగెత్తింది. నేను కప్పు వంక చూస్తూ ఉండిపోయాను. గాలిని ముందుగా కూరిపెడితే నీళ్లు మన చెయ్యి కోసం ఆగవని ఆ పూట నాకు తెలిసింది. ఆ స్టవ్వు మరి ఇంట్లో ఉండడానికి వీల్లేదని అమ్మ అటకెక్కించింది. నేను దింపాను. బర్నరు పీకేసి, ఆ గొట్టానికి సైకిలు షాపాయన్ని బతిమాలి తెచ్చిన రబ్బరు ట్యూబు బిగించి, కొసకి సన్నటి ఇత్తడి గొట్టం పెట్టి, దాన్ని ఒక కర్రకి తీగతో కట్టాను. ట్యూబుని మడిచి పట్టుకుంటే నీళ్లు ఆగుతాయి, వదిలితే పోతాయి. ఎంత దూరమనుకున్నారు? మా పెరటి గోడ మీద పెట్టిన నిమ్మకాయని ఇరవై అడుగుల నుంచి పడగొట్టేది. నాలుగుకి నాలుగుసార్లూ. ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా కిరసనాయిలు వాసన మాత్రం పోలేదు.

దాన్ని చంకన పెట్టుకుని మా బాబాయి పెళ్లికి ఊరెళ్లాను. నేను వెళ్లేసరికి ఇంట్లో ఇంకో గొడవ నడుస్తోంది. సత్తెక్క మా పెదనాన్న కూతురు, అప్పటికి పందొమ్మిదేళ్లు. జగన్నాథం భంజనగర్ కుర్రాడు, తాతల నాటి నుంచి అక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్లు, ఏదో ఆఫీసులో గుమస్తా. అక్కని చేసుకుంటామని వాళ్లే అడిగారు. చిక్కంతా వరసతోనే. పెదనాన్న వైపు నుంచి లెక్కేస్తే జగన్నాథం తల్లి ఆయనకి దూరపు చెల్లెలు. అంటే కుర్రాడు అక్కకి బావ. పెద్దమ్మ వైపు నుంచి లెక్కేస్తే అదే తల్లి పెద్దమ్మకీ దూరపు చెల్లెలే. అంటే కుర్రాడు అన్న. పెదనాన్న పదిమందిలో అన్నే అని ఒక మాట అనేశాడు. ఆయన అన్న మాట అంటే గోడకి కొట్టిన మేకు. బాబాయి పెళ్లయిన మూడోనాడు ఇచ్ఛాపురం నుంచి వేరే సంబంధంవాళ్లు అక్కని చూడడానికి వస్తారని కూడా కబురు పెట్టించేశాడు. నాన్నమ్మ ఎటూ చెప్పకుండా చుట్ట కాలుస్తూ కూర్చుంది. ఊరందరి వరసలు తేల్చిన మనిషి ఇంట్లో వరస దగ్గర నోరు మెదపలేదు.

పెళ్లి నాటి సాయంకాలం అక్క నన్ను గడ్డివాము వెనక్కి పిలిచింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. తుపాకీ నిజంగా అంత దూరం కొడుతుందా అని అడిగింది. నేను గర్వంగా నిమ్మకాయ సంగతి చెప్పాను. గురి తప్పదా అంది. తప్పదన్నాను. "ఒరే, ఆడు నాకు అన్న కాడ్రా" అంది. ఆ మాట నాతో ఎందుకంటోందో అప్పుడు నాకు తెలియలేదు.

మర్నాడు వసంతాలు మొదలయ్యాయి. నా తుపాకీకి పందిట్లో గొప్ప పేరొచ్చింది. నేను బావవరస వాళ్లందర్నీ పందిరి ఈ చివర నుంచి ఆ చివరకి కొట్టుకుంటూ పోయాను. పిల్లలందరూ నా వెనకే, నేను పంపు కొడుతుంటే ఇంజనుకి బొగ్గు వేసేవాళ్లలాగా చెంబులతో ఎర్రనీళ్లు అందించేవారు. ఆ చివర కుర్చీల్లో పెద్దలు కూర్చున్నారు. వాళ్ల జోలికి ఎవరం వెళ్లం. మధ్యలో పెదనాన్న, ఆయనకి ఆనుకుని జగన్నాథం, తెల్ల చొక్కా మీద మరక లేకుండా. వరస తేలనివాడు కదా, ఆటలో చేరడానికి లేదు, లేచి వెళ్లిపోవడానికీ లేదు. మావైపు నుంచి చూస్తే వాళ్లకి ఓ పది అడుగులు కుడివైపున, రాట పక్కన సింహాచలం బావ నిలబడి అందర్నీ రెచ్చగొడుతున్నాడు. మేనత్త కొడుకు, భారీ మనిషి, ఎటు కొట్టినా తగిలేవాడు. అక్క వచ్చి, ఆ సింహాచలం బావ పని పడతాను, ఒకపాలి ఇయ్యరా అంది. ఇచ్చాను. అక్క తీరిగ్గా పదిహేనుసార్లు పంపు కొట్టింది. కర్ర భుజానికి ఆనించుకుంది. ట్యూబు వదిలింది.

నీళ్లు నేరుగా వెళ్లి జగన్నాథం గుండె మీద పడ్డాయి. జేబు దగ్గర మొదలై చొక్కా అంతా ఎర్రబడిపోయింది. సింహాచలం బావ మీద ఒక్క చుక్క లేదు. పక్కనే ఆనుకుని కూర్చున్న పెదనాన్న మీద కూడా ఒక్క చుక్క లేదు. మేళంవాళ్లు ఆపేశారు. కిరసనాయిలు వాసన ఒక్కటే పందిట్లో తిరుగుతోంది. జగన్నాథం లేవలేదు, తుడుచుకోలేదు. అక్క నేలచూపులు చూస్తూ, తుపాకీ తిరిగిపోనాది, నాను సింహాచలం బావని కొట్టినాను అంది.

పెదనాన్న నన్ను పిలిచాడు. కావాలని కొట్టిందని తేలితే, మగవాళ్ల మధ్య ఆడపిల్ల తన మొగుణ్ణి తనే ఎంచుకుందన్న మాట పడుతుంది. ఆ మాట పడ్డాక పెదనాన్న ఆ సంబంధం ఛస్తే చెయ్యడు. పొరపాటని తేలితే ఎవరి పరువూ పోదు. ఇదంతా నాకు ఇప్పుడు అర్థమైనంత బాగా అప్పుడు కాలేదు గాని, అక్క మొహం చూశాను, చాలింది. ఇంకోపక్క పొద్దుట్నుంచి నా చుట్టూ తిరిగిన పిల్లలందరూ చూస్తున్నారు. నిజం చెప్పాలంటే నాకు ఆ క్షణాన అక్క కంటే తుపాకీయే ఎక్కువ బాధ పెట్టింది. "సెప్పరా, అది సూటిగా ఎల్తాదా, ఎల్లదా?" అన్నాడు పెదనాన్న. "వంకర పెదనాన్నా. ఎడం పక్కకి లాగేస్తాది" అన్నాను. పిల్లలు పగలబడి నవ్వారు. అందులో ఒకడు నన్ను వంకరోడన్నాడు. ఆ పేరు పదో క్లాసు దాకా నా వెంట వచ్చింది.

పెదనాన్నకి నమ్మకం కుదరలేదు. అప్పుడు నాన్నమ్మ లేచింది. చుట్ట ఆర్పి చెవి సందున పెట్టుకుని, నాను సూత్తాను పదరా అని నన్నూ స్టవ్వునీ తీసుకుని పెరట్లోకి నడిచింది. ఎవర్నీ రావద్దంది. గోడ మీద ఆరేసిన పిడకల్లో ఒకటి చూపించి కొట్టమంది. నేను కావాలని గొట్టం పక్కకి తిప్పాను. నెత్తి మీద ఒక మొట్టికాయ పడింది. ఈసారి తనే కర్ర భుజాన పెట్టుకుంది. నేను పంపు కొట్టాను. ట్యూబు వదిలింది. పిడక సరిగ్గా నడిమధ్యన బెజ్జం పడి, రెండు ముక్కలై కింద పడింది. నాన్నమ్మ ఆ ముక్కల వంక చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. నా గడ్డం పట్టుకుని, "ఇంత బాగా సేసి, వంకరని సెప్పుకోడానికి బాధగా లేదేట్రా?" అంది. అంతసేపూ ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. చెంగుతో నా మొహం తుడిచి, పనిమంతుడివే, కాని ఆ సంగతి మరి నోట రానీకు అని చెప్పింది. పిడక ముక్కలు రెండూ తీసి కుడితి గోళెం వెనక పడేసింది.

పందిట్లోకి వెళ్లి నాన్నమ్మ మధ్యలో నిలబడింది. తుపాకీ వంకరదే, నా కళ్లారా చూశానంది. ఆవిడ అబద్ధం ఆడగా అంతకు ముందెవరూ వినలేదు కాబట్టి ఎవరూ అనుమానించలేదు. తరవాత పెదనాన్న వైపు తిరిగి, "పడ్డ వసంతం ఎనక్కి రాదు. నీకు సెల్లెలి కొడుకు, దానికి బావ. ఇంక నువ్వూ నానూ లెక్కలెయ్యడమేటి?" అంది. పెదనాన్న జగన్నాథంతో, అలా తడి చొక్కాతో కూర్చుంటే రొంప పడుతుంది, లోపలికెళ్లి మార్చుకో అన్నాడు. మా పెదనాన్న సరేనని ఒప్పుకోవడం అలాగే ఉండేది. ఇచ్ఛాపురంవాళ్లకి రావద్దని ఆ సాయంకాలమే కబురెళ్లింది.

ఇప్పుడు బిట్టు తుపాకీ చూస్తే నాన్నమ్మ మాట గుర్తొచ్చి నవ్వొస్తుంది. మూడు గజాల నుంచి మొదలెట్టి మూడు గదుల దూరానికి వచ్చాం. వాడికి ఎదుటివాడి మొహం కనబడనే కనబడదు, వీడు నాకు ఏమవుతాడన్న ప్రశ్నే లేదు. మా రోజులే బాగుండేవని అనడానికి ముసలివాడిగా నాకు హక్కుంది, కాని అనబుద్ధి కావడం లేదు. ఎదురింటి ఒడియా మేష్టారు తడిసిన ధోవతితో, పకపకా నవ్వుతూ వచ్చి అక్క చేతి కాఫీ తాగి వెళ్లాడు. మా వసంతాల్లో అయితే ఆయన మీద చుక్క పడేది కాదు. వరస లేనివాడికి తడీ లేదు, కాఫీ కూడా అరుగు మీదే. ఒక్కటే లోటు. బిట్టు రోజంతా వందమందిని కొట్టాడు, అందులో ఎవరి జాతకం మారలేదు.

ఇక బావ సంగతి. ఆయన యాభై ఏళ్లుగా కనబడ్డవాడికల్లా, దేవుడే ఆ తుపాకీ మెడ తిప్పి నాకు సత్యవతిని ఇచ్చాడని చెబుతాడు. పెళ్లిరోజున జగన్నాథుడి గుడిలో కొబ్బరికాయ కొడతాడు. ఈ హోలీకి వంటింట్లో అక్కని పట్టుకుని, నన్ను ఇంకా ఎన్నాళ్లు వంకరోణ్ణి చేస్తారే, ఇప్పుడైనా చెప్పెయ్యి అన్నాను. అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "యాభై కొబ్బరికాయలు దేవుడికి కొట్టినారు. అయ్యన్నీ నాకు కొట్టాల్సినవని ఇప్పుడు ఎలా సెప్పమంటావు?" అంది.

అందుకని ఇదంతా రాశాను. రాయడానికి నా ధైర్యమేమిటంటే, బావ భంజనగర్‌లో చదివిందంతా ఒడియా. తెలుగు మా అందరికంటే జోరుగా మాట్లాడతాడు, ఒక్క అక్షరం చదవలేడు. వాళ్లబ్బాయీ అంతే. బిట్టు నా కాగితాలు చూసి ఇది ఏ లాంగ్వేజి తాతా అన్నాడు. ఆ ఇంట్లో తెలుగు చదవగలిగింది అక్క ఒక్కతే. తను సరేనంటేనే అచ్చుకి ఇద్దామని పోయిన వారం పట్టుకెళ్లాను. బావ ఎక్కడో లోపల ఉంటాడనుకుంటే వరండాలోనే ఉన్నాడు. నా గురించి రాసేడట కదా, పైకి సదువు సత్తీ అన్నాడు. అక్క నా వంక చూసింది. తప్పించుకునే దారి లేదు. కళ్లజోడు పెట్టుకుని మొదలుపెట్టింది. బిట్టు ఆవుని తడపడం దగ్గర బావ నవ్వాడు, పెదనాన్న కుర్చీ దగ్గర సర్దుకుని కూర్చున్నాడు. గడ్డివాము ముక్క అక్క చదవనే లేదు, నేరుగా వసంతాల్లోకి దిగిపోయింది. పెదనాన్న నన్ను పిలిచిన చోటా నాలుగు లైన్లు మింగేసింది. పెరడు వచ్చింది. అక్క వేలు నేను రాసిన లైను కిందే ఉంది. ఒకసారి ఆగి, కళ్లజోడు పైకి తోసుకుని చదివింది: "నాన్నమ్మ పిడకని గురి చూసి కొట్టింది. నీళ్లు జానెడు ఎడంపక్కకి పోయి గోడకి తగిలాయి."

బావ తొడ చరిచాడు. సూసినావా, నీ సేతిరాతతోనే ఒప్పుకున్నావు అన్నాడు నాతో. ఒప్పుకున్నాను బావా అన్నాను. ఆయన కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలి, ఆ పెరటి ముక్క ఇంకోపాలి సదువు అన్నాడు. అక్క మళ్లీ చదివింది. ఒక్క అక్షరం పొల్లు పోలేదు.